స్టీవ్ హార్వీ జాబ్ మానేసిన మర్నాడే స్టార్ అయిపోలేదు

ఈ వారంలో ఒకే రీల్ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. వెనకాల పియానో, మీద పెద్ద పెద్ద అక్షరాలు. అందులో చెప్పేది ఏంటంటే, ఇప్పుడు అమెరికాలో పెద్ద కమెడియన్, టీవీ హోస్ట్ అయిన స్టీవ్ హార్వీ ఒకప్పుడు ఇన్సూరెన్స్ అమ్ముకుంటూ ఉండేవాడు, ఒక రాత్రి కామెడీ చెయ్యడానికి స్టేజ్ ఎక్కి 50 డాలర్లు గెలిచాడు, మర్నాడే జాబ్ మానేశాడు, 1976 మోడల్ ఫోర్డ్ టెంపో కారులో మూడేళ్లు పడుకున్నాడు, తర్వాత అపోలో థియేటర్ స్టేజ్ ఒక్కటి దొరకగానే రాత్రికి రాత్రి లైఫ్ మారిపోయింది, రేడియో ఏదో సరదాకి పక్కన చేసుకునేవాడు, చివరికి మిస్ యూనివర్స్‌లో తప్పు పేరు చదివినందుకు టాక్ షో పీకేశారు. కింద "నువ్వు కూడా దూకెయ్, మిగతాది దేవుడు చూసుకుంటాడు" అని ఒక లైను.

మామూలుగా అయితే స్క్రోల్ చేసి వెళ్లిపోయేవాణ్ణి. కానీ మా పిన్ని కొడుకు దీన్ని నాకు పంపి, "అన్నా, నేను కూడా జాబ్‌కి పేపర్ పెట్టేస్తున్నా, స్టాండప్ ట్రై చేస్తా" అన్నాడు. వాడు బాగా నవ్విస్తాడు, ఆ మాట నిజమే. కానీ వాడు నమ్మిన కథ సగం ఉత్తదే. నేను స్టీవ్ రేడియో షో క్లిప్పులు ఏళ్ల తరబడి వింటున్నవాణ్ణి, అందుకే ఒక్కో మాట తీసుకుని చెప్తా.

మొదటిది, 50 డాలర్లు, మర్నాడే జాబ్ మానెయ్యడం. ఇది జరిగింది, ఆయనే చాలాసార్లు చెప్పాడు. 1985 అక్టోబర్ 8, ఊరు క్లీవ్‌ల్యాండ్, హిలారిటీస్ అనే కామెడీ క్లబ్. ఆయన 1957లో పుట్టాడు కాబట్టి అప్పటికి 28 ఏళ్లు. రీల్ చెప్పనిది ఏంటంటే, అప్పటికే ఇంట్లో మూడేళ్ల కవల ఆడపిల్లలు ఉన్నారు, ఆ నిర్ణయం బరువు ఆయనొక్కడి మీదే పడలేదు, ఆ మొదటి పెళ్లి కూడా నిలబడలేదు. "దూకెయ్" అని చెప్పేవాళ్లు ఈ ముక్క ఎందుకు కత్తిరిస్తారో నాకు అర్థం కాదు, దూకేవాడి చెయ్యి పట్టుకుని ఇంకెవరున్నారో కూడా చూపించాలి కదా.

రెండోది ఆ కారు. ఫోర్డ్ కంపెనీ టెంపో అనే కారుని 1984 మోడల్‌గా మార్కెట్లోకి తెచ్చింది, అంతకుముందు ఆ పేరుతో కారే లేదు, మరి 1976 మోడల్ టెంపో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ తప్పు రీల్ చేసినవాళ్లది మాత్రమే కాదు, పెద్ద పెద్ద పత్రికల్లో కూడా ఇలాగే అచ్చైంది, ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకుంటూ పోయారు, ఎవరూ ఒక్క నిమిషం చెక్ చెయ్యలేదు. కారులో పడుకోవడం అబద్ధం అనట్లేదు నేను, అది ఆయన నోటి మాటే, పెట్రోల్ బంకుల్లో స్నానాలు చేసిన సంగతి కూడా ఆయనే చెప్పాడు. నేననేది ఏంటంటే, కారు మోడల్ కూడా చూసుకోనివాళ్లు చెప్పిన మిగతా కథని చూసి జాబ్ వదలకండి.

మూడోది, అపోలోతో రాత్రికి రాత్రి లైఫ్ మారిపోవడం. ఇక్కడే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ మనిషి పడ్డ కష్టం అంతా ఈ ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. 1985లో స్టేజ్ ఎక్కాడు. 1990లో ఒక జాతీయ కామెడీ పోటీలో ఫైనల్ దాకా వెళ్లాడు. న్యూయార్క్ హార్లెమ్‌లో ఉన్న అపోలో థియేటర్ షోకి హోస్ట్ అయింది 1993లో. అంటే మొదటి మైకు నుంచి అక్కడికి చేరడానికే దాదాపు ఎనిమిదేళ్లు. ఆ అపోలో కూడా ఊరికే చప్పట్లు కొట్టే చోటు కాదు, నచ్చకపోతే అక్కడి జనం మొహమాటం లేకుండా బూ అంటారు, అలాంటి ఆడియన్స్ ముందు 2000 దాకా నిలబడ్డాడు. అక్కడితో అయినా దారి సాఫీ అయిందా అంటే లేదు, 1994లో ఏబీసీ ఛానల్లో ఆయన చేసిన సిట్‌కామ్, అంటే కామెడీ సీరియల్, ఒక్క సీజన్‌కే ఆగిపోయింది. 1996లో ఇంకోటి మొదలై 2002 దాకా నడిచింది, అందులో స్కూల్లో మ్యూజిక్ టీచర్ వేషం. మధ్యలో బెర్నీ మ్యాక్, సెడ్రిక్, డీఎల్ హ్యూగ్లీ అనే తోటి కమెడియన్లతో కలిసి ఊరూరా టూర్లు, ఆ టూర్ మీద డైరెక్టర్ స్పైక్ లీ తీసిన సినిమా 2000లో వచ్చింది. 2003లో మొదలైన వెరైటీ షో 2005కల్లా ముగిసింది. ఒకటి లేస్తే ఒకటి పడటం, ఇరవై ఏళ్లు ఇదే వరస. రాత్రికి రాత్రి అంటారేంటండీ?

నాలుగోది, రేడియో సరదా. ఇది మిగతా వాటన్నిటికంటే పెద్ద తప్పు, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నా.

2000 సెప్టెంబర్‌లో ఆయన లాస్ ఏంజిలిస్‌లో కేకేబీటీ అనే స్టేషన్లో పొద్దుటి షో మొదలుపెట్టాడు. 2005లో ఆయన పొద్దుటి షో దేశమంతా సిండికేట్ అయింది, అంటే ఒక చోట షో చేస్తే ఊరూరి స్టేషన్లు డబ్బు కట్టో, యాడ్స్ టైమ్ పంచుకునో దాన్ని వేసుకుంటాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, న్యూయార్క్ టైమ్ ప్రకారం ఉదయం ఆరు నుంచి పది. వరసగా నాలుగు గంటలు, ఎదురుగా నవ్వే జనం లేరు, పక్కన ఉండేది షర్లీ స్ట్రాబెర్రీ, ప్రాంక్ కాల్స్ చేసే నెఫ్యూ టామీ, కార్లా లాంటి కో హోస్టులు. స్టాండప్‌లో పంచ్ పడకపోతే మొహంతోనో నడకతోనో లాగెయ్యొచ్చు, రేడియోలో ఉన్నదల్లా గొంతు ఒక్కటే.

ఆ షోలో స్ట్రాబెర్రీ లెటర్ అని ఒక సెగ్మెంట్ ఉంటుంది. ఎవరో ఒకరు తమ ఇంటి గొడవ రాసి పంపుతారు, మొగుడు ఇలా చేశాడు, అత్తగారు అలా అంది, చెల్లెలు అప్పు ఎగ్గొట్టింది, ఇలాంటివి. షర్లీ ఆ ఉత్తరాన్ని నిదానంగా, మర్యాదగా చదువుతుంది, తర్వాత తన సలహా చెప్తుంది. ఆ తర్వాత స్టీవ్ అందుకుంటాడు. ఉత్తరంలో అందరూ పట్టించుకోకుండా వదిలేసిన ఏదో ఒక చిన్న మాట దగ్గర ఆగుతాడు, దాన్నే పట్టుకుని మళ్లీ మళ్లీ చదువుతాడు, గొంతు పెంచుతాడు, ఒక్కసారిగా ఆపేస్తాడు, ఆ రెండు సెకన్ల నిశ్శబ్దంలో పక్కనున్నవాళ్లు అప్పటికే నవ్వు ఆపుకోలేకపోతుంటారు. ఆయన సలహాలన్నీ నాకు నచ్చవు, ఆడా మగా గురించి ఆయన లెక్కలు కొన్ని మరీ పాతకాలం నాటివి. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి కష్టాన్ని వింటూ, నవ్విస్తూ, చివర్లో ఏదో ఒక తీర్పు చెప్పే పనిని ఆయన రోజూ పొద్దున్నే సాధన చేశాడు.

ఇప్పుడు వరస చూడండి. ఆడవాళ్లకి ప్రేమా పెళ్లీ సలహాలు చెప్తూ ఆయన రాసిన పుస్తకం 2009లో వచ్చి బాగా అమ్ముడైంది. 2010లో ఫ్యామిలీ ఫ్యూడ్ గేమ్ షో చేతికొచ్చింది. 2012 ఆగస్టులో లాస్ వేగస్‌లో ఆఖరి స్టాండప్ చేసి, సెప్టెంబర్ 4న షికాగోలో పగటి టాక్ షో మొదలుపెట్టాడు. ఆ టాక్ షోలో చేసింది ఏంటి? మామూలు మనుషులు వచ్చి సోఫాలో కూర్చుని తమ గొడవ చెప్పడం, ఈయన నవ్వించి సలహా ఇవ్వడం. స్ట్రాబెర్రీ లెటర్‌కి కెమెరా పెడితే అదే. రేడియోని పక్కన పెట్టి చూస్తే ఆ పుస్తకం, ఆ టాక్ షో ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పలేం. పైగా టాక్ షో వచ్చాక కూడా రేడియో మానలేదు, న్యూయార్క్‌లో ఆరు అంటే షికాగోలో ఐదు, ఆ టైమ్‌కి మొదలయ్యే షో నడుపుతూనే టీవీ కూడా లాక్కొచ్చాడు.

ఐదోది, మిస్ యూనివర్స్ వల్ల షో పోయింది అనేది. తేదీలు పక్కపక్కన పెడితే చాలు. తప్పు జరిగింది 2015 డిసెంబర్ 20న, ఆ పోటీకి హోస్ట్‌గా ఉండి, గెలిచింది ఫిలిప్పీన్స్ అని చదవాల్సిన చోట కొలంబియా అని చదివాడు. ఆ తర్వాత ఆయనే స్టేజ్ మీదకి తిరిగొచ్చి, తప్పు నాదే అని ఒప్పుకుని, చేతిలో కార్డు కెమెరాకి చూపించాడు. ఆ కార్డులో రన్నరప్‌ల పేర్లు ఎడమ పక్క, గెలిచినామె దేశం కింద కుడి పక్క మూలలో ఉన్నాయి, డిజైన్ బాలేదు, అయినా ఆ మాట చెప్పి తప్పించుకోలేదు, ఆ ఒక్క విషయంలో నాకు ఆయన మీద గౌరవం. తర్వాతి పోటీ 2017 జనవరిలో ఎక్కడ జరిగింది? మనీలాలో, ఫిలిప్పీన్స్‌లోనే, హోస్ట్ మళ్లీ ఈయనే.

టాక్ షో పోయింది 2019లో, అంటే మూడేళ్ల పైన. మధ్యలో 2017లో షో షికాగో నుంచి లాస్ ఏంజిలిస్‌కి మారింది, పేరు కూడా మారింది. పోయిన కారణం వ్యాపారం. పగటి షోలు స్టేషన్ స్టేషన్‌కీ అమ్ముకోవాలి, పెద్ద నగరాల్లో ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్ సొంత స్టేషన్లు ఆ స్లాట్‌ని సింగర్ కెల్లీ క్లార్క్‌సన్ కొత్త షోకి ఇచ్చేశాయి, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, షికాగో లాంటి చోట్ల టైమ్ పోయాక ఇలాంటి షో నిలబడటం చాలా కష్టం. నిజంగా కార్డు తప్పు చదివినందుకే శిక్ష అయితే ఫ్యామిలీ ఫ్యూడ్ ఎందుకు ఆగలేదు?

ఇంతా చెప్పి ఆయన్ని దేవుణ్ణి చెయ్యట్లేదు. షికాగోలో స్టాఫ్‌కి, నా డ్రెస్సింగ్ రూమ్‌లోకి రావొద్దు, దారిలో ఆపి మాట్లాడొద్దు అని రాసిన మెయిల్ 2017లో బయటికొచ్చింది, చదివితే అక్కడ పనిచేసేవాళ్ల మీద జాలేసింది. అది కూడా ఆ కెరీర్‌లో భాగమే, రీల్‌లో అదీ లేదు.

మా వాడికి నిన్న రాత్రి ఇదంతా ఫోన్లో చెప్పా. వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే, "మరి 85కీ 93కీ మధ్య రోజూ ఏం చేశాడు?" క్లబ్బులు రా, ఊరు నుంచి ఊరికి క్లబ్బులు. కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనుండే చోట శనివారం ఓపెన్ మైక్, అంటే ఎవరైనా స్టేజ్ ఎక్కి ట్రై చేసే షో, ఉందని, ముందు అక్కడికెళ్తానని చెప్పాడు. పేపర్ సంగతి నేను ఎత్తలేదు. ఆ రీల్ తిప్పుతున్నవాళ్లకి నాది ఒకటే రిక్వెస్ట్, పంపండి, కాకపోతే 1985 పక్కన 2012 అని కూడా రాసి పంపండి.