చిక్కటి ఆయిల్ అన్ని కార్లకీ పడదు

ఇంజిన్ ఆయిల్ మార్చడం గురించి ఒక పోస్ట్‌లో, స్పోర్ట్స్ కారు కదా అని 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ సేఫ్ అని రాశారు, అది అన్ని కార్లకీ కుదరదండి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయాలి, ఆ 30 అనేది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం లెక్క, చాలా ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్ (వాల్వ్‌లు తెరుచుకునే, మూసుకునే సమయం) మార్చే సిస్టమ్ కూడా ఆ ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. ఆయిల్‌లో మురికిని పట్టే ఆయిల్ ఫిల్టర్ గురించి మాత్రం ఆ పోస్ట్‌లో ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు, నా బాధంతా అదే. నా కారుకి చీప్ ఫిల్టర్ వేయించాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమని సౌండ్ వచ్చేది, తీసి కోసి చూస్తే లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ గట్టిపడి వంకరపోయి ఉంది. మంచిది వేశాక సౌండ్ లేదు. అన్నట్టు పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగ్ ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడండి, దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుంది.