ఎంపతీ ఉంది, పలకరింపే లేదు

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో ‘ఎంపతీ’ జపం ఎలా సాగుతోందో కొత్తగా చెప్పక్కర్లేదు. ‘సింపతీ వద్దు, ఎంపతీ కావాలి’ అన్న పాఠం వినని తెలుగు ఉద్యోగి మారతహళ్లిలోనూ దొరకడు, వైట్‌ఫీల్డ్‌లోనూ దొరకడు. సింపతీ అంటే దూరంగా ఉండి జాలిపడటమట, ఎంపతీ అంటే ఎదుటివాడి స్థానంలో ఉండి చూడటమట. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ మాట మనకు దయ నేర్పలేదు. దయ చూపాల్సిన పని ఎగ్గొట్టడానికి ఒక మర్యాదైన సాకు ఇచ్చింది.

మా నాన్న పోయిన రాత్రి కదిరి బస్సు కోసం నిలబడి ఉండగా అప్పటి మా మేనేజర్ ఫోన్ చేశాడు. ‘ఐ కంప్లీట్లీ ఎంపథైజ్ విత్ యూ’ అన్నాడు. ఆ వెంటనే, ‘ల్యాప్‌టాప్ తీసుకెళ్తున్నారు కదా’ అని అడిగాడు. టీమ్ గ్రూపు నిండా దండం బొమ్మలు వచ్చాయి. తిరిగొచ్చాక మాత్రం నా సీటు దగ్గరికి వచ్చి ‘ఏమైంది, ఎట్లా పోయారు’ అని అడిగినవాళ్లు ఇద్దరే.

ఊళ్లో సంగతి వేరు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఎదురింటి పెద్దమ్మ అన్నం, చారు తెచ్చింది. అమ్మ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి గిన్నె ముందుకు జరిపి, ‘రెండు ముద్దలు తిను, మాత్ర వేసుకోవాలి గదా’ అంది. అమ్మకు బీపీ మాత్ర ఉందన్న సంగతి ఆ రోజు మాకెవరికీ గుర్తు లేదు.

ఇంగ్లిష్ పాత మాటలను విడదీసి చూడండి. కంపాషన్ లాటిన్ నుంచి వచ్చింది, కలిసి బాధపడటం దాని అర్థం. కండొలెన్స్ కూడా అంతే, కలిసి దుఃఖించడం. సింపతీ గ్రీకు మాట, అందులోనూ ‘తోడు’ అన్న ముక్క ఉంది. ఎంపతీలో ఆ తోడు లేదు. ఆ మాట పుట్టిందే వేరే చోట. 1873లో రాబర్ట్ ఫిషర్ అనే జర్మన్ పండితుడు, కళాఖండాన్ని చూసేవాడు తన అనుభూతిని అందులోకి పంపించి చూస్తాడని చెబుతూ ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అన్నాడు. దాన్నే 1909లో కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టిచ్‌నర్ ‘ఎంపతీ’గా ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. అంటే బొమ్మను చూసే మనిషి కోసం మొదలైన మాట ఇది. బొమ్మకు అన్నం పెట్టక్కర్లేదు, సెలవు ఇవ్వక్కర్లేదు. అర్థం దారిలో ఎంత మారినా, మన ఆఫీసులు దాన్ని మళ్లీ ఆ మొదటి చోటికే తీసుకెళ్లాయి.

మనకున్న మాటలు చూడండి. అనుకంప అంటే ఎదుటివాడు వణికితే వాడి వెంట మనమూ వణకడం. కనికరం, జాలి, ఓదార్పు సరే. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ‘పలకరింపు’. ‘ఫలానా వాళ్లింట్లో పెద్దాయన పోయాడు, పలకరించి వద్దాం’ అంటాం. ఆ వాక్యంలో బస్సు ఎక్కడం ఉంది, ముఖం చూడటం ఉంది, కాసేపు కూర్చోవడం ఉంది. మనసులో ఏమనుకున్నావన్నది అక్కడ లెక్కలోకి రాదు. వచ్చావా, రాలేదా? అంతే. ‘పలకరించడానికైనా రాలేదు’ అన్న నిష్ఠూరం మన ఇళ్లలో ఇరవై ఏళ్లయినా మాసిపోదు.

మన మాటలూ చెడిపోయాయి కదా, ‘సానుభూతి ఓట్లు’, నాయకుల పరామర్శ యాత్రలు చూడటం లేదా అని అడిగేవారు ఉన్నారు. నిజమే. డాక్టర్లకు, నర్సులకు ఎంపతీ శిక్షణ పనికొస్తుందన్నదీ ఒప్పుకుంటాను. కానీ పరామర్శ అన్నాక ఎంత పెద్ద నాయకుడైనా ఆ ఇంటి గడప తొక్కాల్సిందే. మెయిల్ పంపి పరామర్శించానంటే ఊరు ఒప్పుకోదు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది పిల్లల సంగతి. బెంగళూరులో పుట్టిన మన పిల్లలకు ఇంగ్లిష్ వచ్చు, స్కూల్లో కన్నడం వస్తుంది, తెలుగు మాత్రం ‘అన్నం తిన్నావా’ దగ్గర ఆగిపోతోంది. పద్యాలు రాకపోతే నేర్పించుకోవచ్చు. దుఃఖంలో ఉన్న మనిషితో తెలుగులో రెండు మాటలు మాట్లాడటం రాకపోతే ఊళ్లో అవ్వాతాతలకు ఆ పిల్లలు చుట్టపుచూపు మనుషులే అవుతారు. మన నోట నలిగిన ‘అయ్యో’ను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2016లో చేర్చుకుంది. దాన్ని ఎప్పుడు, ఏ గొంతుతో అనాలో పిల్లలు ఇంట్లో వింటేనే వస్తుంది.

హోసూరు రోడ్డు పక్క కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి గేటు దగ్గర ఒక ఉదయం నిలబడితే అనంతపురం యాస, మదనపల్లె యాస వినిపిస్తాయి. ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు, పక్కన టిఫిన్ క్యారియర్. ఒకామె ఇంకొకామెను ‘యాడ నుంచి వచ్చినారక్కా, ఏమన్నా తిన్నారా?’ అని అడగడం విన్నాను. అడిగినామె చేతిలోనూ రిపోర్టుల కవరే ఉంది. ఉగాదికి వేదికలు కట్టే మన తెలుగు సంఘాలు నెలకో రోజు పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలి. నీళ్లు, అరటిపండ్లు వెంట ఉంటే చాలు. మొదట పెద్దవాళ్లు పలకరించాలి, ఆ తర్వాత పిల్లలను అడగనివ్వాలి.