ఆవు వ్యాసం రాసేశాం సరే, ఆవంటే ఏంటి?

ఆవు వ్యాసం రాయని తెలుగువాడుండడు. సాధు జంతువు, నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, పాలిస్తుంది. మార్కులు పడిపోతాయి. వీటిలో ఒక్కటైనా ఆవును గేదె నుంచి విడదీస్తుందా అని మాత్రం ఏ టీచరూ అడగడు. నిర్వచనాన్ని బట్టీ పట్టించడమే తప్ప, దాన్ని పరీక్షించడం నేర్పకపోవడమే మన లాజిక్ పాఠాల్లో పెద్ద లోటు.

ఆ పరీక్ష మనకు కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో బోధించే న్యాయశాస్త్రానికి (చట్టం కాదు, తర్కం) అది తొలిమెట్టు లాంటి పుస్తకం. లక్షణానికి, అంటే నిర్వచనానికి, మూడు దోషాలు ఉండకూడదంటారు, ఉదాహరణ మళ్లీ ఆవే. కపిల రంగుదే ఆవు అంటే నల్లావు, తెల్లావు బయటే ఉండిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె, మేక లోపలికి దూరతాయి, అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నది అంటే ఒక్క ఆవుకూ అతకదు, అసంభవం. ఇక మిగిలింది మెడ కింద వేలాడే గంగడోలు.

మా చిత్తూరు వైపు ఈ పరీక్ష కళ్లెదుటే జరుగుతుంది. ఎత్తును బట్టి చెబుదామంటే మూడడుగులు కూడా లేని పుంగనూరు ఆవు అడ్డొస్తుంది, మూపురాన్ని బట్టి అంటే పాడి రైతు కొట్టంలోని జెర్సీకి అది ఉండదు.

వర్గీకరణలోనూ ఇదే తంటా. మామిడికాయల్ని బేనీషా, తోతాపురి, పచ్చడి కాయలు, జ్యూస్ కాయలు అని విడదీశామనుకోండి, ఫ్యాక్టరీకి వెళ్లే తోతాపురిని ఏ కుప్పలో పోయాలి? సగం రకాన్ని బట్టి, సగం వాడకాన్ని బట్టి పంచితే అంతే.

అసలు చిక్కు గంగడోలు దగ్గరే ఉంది. సంస్కృతంలో 'గో' అంటే ఎద్దూ వస్తుంది, తెలుగులో 'ఆవు' అంటే రాదు. అక్కడ నిలిచిన లక్షణం తెలుగులోకి రాగానే ఎద్దు మీదకూ పోయి అతివ్యాప్తి అయిపోయింది! పోనీ పాలిచ్చేది అని కలిపితే వట్టిపోయిన ఆవు జారిపోతుంది. ఆడది అని కలిపితే సరిపోతుందనుకుని, మా వీధిలో పాలు పోసే ఆయనతో, కట్టేసి ఉన్న పెయ్యను చూపిస్తూ 'ఇదీ ఆవే కదా' అన్నాను. ఆయన నవ్వి, "ఇంకా ఈనలేదు కద సార్, ఆవెట్లయితాది?" అన్నాడు.