హ్యారీ క్రోనర్ నాటకాల ఫొటోల గురించి ఇంకాస్త రాయాల్సింది

బెర్లిన్ ఫొటోగ్రాఫర్ హ్యారీ క్రోనర్ (1903–1992) మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ ఆయన తీసిన సినిమా తారల ఫొటోల గురించే ఎక్కువ రాసి, నాటకాల ఫొటోలనీ ఆటల పోటీల ఫొటోలనీ రెండు ముక్కల్లో తేల్చేశారు. అసలు పనితనం అక్కడే ఉంది. రంగస్థలం మీద వెలుతురు తక్కువ, ఫ్లాష్ వేస్తే నటుల ఏకాగ్రత చెడుతుంది, షటర్ (కెమెరాలోకి వెలుతురు వదిలే తెర) వేగం తగ్గిస్తే చెయ్యి కదిలినా బొమ్మ చెదురుతుంది. బాక్సింగ్ రింగ్ దగ్గరా అదే టెన్షన్: దెబ్బ కనబడ్డాక బటన్ నొక్కితే ఆలస్యమైపోయినట్టే. రెండు చోట్లా ముందే పసిగట్టాలి. పశ్చిమ బెర్లిన్‌లోని షిల్లర్ థియేటర్ నాటక సంస్థ 1993లో మూతపడింది. అలాంటి చోట్ల ఆడిన పాత నాటకాలు ఎలా ఉండేవో చూడాలంటే ఇప్పుడు ఈ ఫొటోలు ఎంతో సాయపడతాయి. ఆయన నెగటివ్‌లు పది లక్షలకు పైగా బెర్లిన్ నగర మ్యూజియంలో ఉన్నాయి. దయచేసి ఆ మాట కూడా వ్యాసంలో చేర్చండి.