మాన్‌హైమ్ గళ్ళ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ జర్మనీలోని మాన్‌హైమ్ నగరపు గళ్ళ వారి దివ్య సముఖమునకు, మీలో ఒక గడిలో అద్దెకుంటున్న తెలుగు విద్యార్థి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే, నేనున్నదే మీ కడుపులో.

రైన్, నెకార్ నదులు కలిసేచోట 1606లో కోటకు పునాది వేసి, పక్కనే ఊరిని గళ్ళ నుడికట్టులా గీశారు. గీస్తే గీశారు, అడ్డానికీ నిలువుకీ ఆధారాలైనా ఇవ్వాలి కదా! మీలో చాలా వీధులకు పేర్లే లేవు. పేరంతా గడిదే. నా అడ్రస్ 'ఆర్ 7'. ఆన్‌లైన్ ఫారంలో అదే కొడితే 'సరైన వీధి పేరు రాయండి' అని ఎర్ర అక్షరాలు. అమ్మకు ఫోన్లో చెప్తే, "అడ్రస్ అడిగితే సినిమా హాల్లో సీటు నంబరు చెప్తావేంట్రా?" అంది.

మీ ఊరి ప్యాలెస్‌కు వీపు పెట్టి నిలబడితే ఎడమ పక్క గళ్ళకు ఏ నుంచి కే, కుడి పక్క గళ్ళకు ఎల్ నుంచి యు అక్షరాలు. ఇక్కడిదాకా నయమే. ఇంటి నంబర్లు మాత్రం కుడి గళ్ళలో ప్రదక్షిణంగా, ఎడమ గళ్ళలో అప్రదక్షిణంగా పెరుగుతాయి. ఆ ముక్క తెలియక, మొదటి వారం పది కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని స్నేహితుడి ఇంటి కోసం గడి చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఏ గుడి చుట్టూ తిరిగినా పుణ్యమైనా దక్కేది. అన్నట్టు, పేరుకే మీరు చదరాలు. మ్యాపులో చూస్తే కొందరు ట్రెపీజియంలు!

మీ గొప్పలు కాదనను. ప్యాలెస్‌లో ఇప్పుడు యూనివర్సిటీ ఉంది. బెంజ్ గారి మొదటి కారు ఇక్కడిదే. 1969లో ఐస్‌క్రీమ్‌ను జంతికల గొట్టంలాంటి దాంట్లో నొక్కి, పైన స్ట్రాబెరీ రసం పోసి స్పగెటీ అన్నదీ ఇక్కడే. నాకు మాత్రం అది ఎర్ర చట్నీ పోసిన ఇడియాప్పంలా ఉంటుంది. రెండు కప్పులు తిన్నాకే ఈ మాట అంటున్నాను.

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇన్ని అక్షరాలు, ఇన్ని అంకెలు పెట్టుకుని, సాయంత్రం కలుద్దామంటే మీ జనం చెప్పే గుర్తు ఏది? 1889లో పూర్తయిన వాసర్‌టుర్మ్. అంటే 60 మీటర్ల వాటర్ ట్యాంకు. అదీ మీ గళ్ళలో లేదు, వాటి అంచు దాటాక ఉంది.

ఇట్లు,
మీ అద్దెకుర్రాడు

చిరునామా: వాటర్ ట్యాంకు దగ్గర దిగి ఫోన్ చేయండి, వచ్చి తీసుకెళ్తా.