అప్పుకు నొప్పి తెలియని పొదుపు

ఈ మధ్య కొన్ని ఇళ్లలో ఒక దురలవాటు ప్రబలుతోంది. పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఇంటి మీదున్న అప్పులన్నీ ఒకే కాగితం మీద రాసేస్తున్నారు. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, వాయిదా ఏ తారీఖున, ఇంకా ఎన్నేళ్లు. రాసి ఊరుకుంటే సర్దుకుపోవచ్చు. తీర్చేస్తున్నారు కూడా. బాధ్యత గల రుణగ్రస్తుడిగా ఇది చూస్తూ నేను ఊరుకోలేను.

అసలు అప్పును పరాయిదానిలా చూడటమే మన అజ్ఞానం. ఇంట్లో అందరికంటే కష్టపడేది అదే. ఆదివారం సెలవు తీసుకోదు. మనం జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకున్న రోజు కూడా తన పని తాను చేసుకుపోతుంది. జీతం పెరగని సంవత్సరాల్లో మా ఇంట్లో పెరిగినవి పిల్లలూ అప్పూ మాత్రమే. దాని వంశమూ తక్కువది కాదు. క్రీస్తుపూర్వం 1750 ప్రాంతంలో బాబిలోన్ రాజు హమ్మురాబి రాతి మీద చెక్కించిన చట్టాల్లోనే దానికి చోటుంది. వరదొచ్చి పంట పోయినా, నీళ్లు లేక పండకపోయినా ఆ ఏడాది రైతు బాకీ కట్టక్కర్లేదు, ఆ ఏటి వడ్డీ కూడా ఇవ్వక్కర్లేదు అని అందులో ఉంది. క్రీస్తుపూర్వం 594లో గ్రీకు నగరం ఏథెన్స్‌లో సోలన్ అనే పాలకుడు ఇంకో అడుగు ముందుకేసి, అప్పు కింద మనిషినే తాకట్టు పెట్టే పద్ధతికి స్వస్తి చెప్పాడు, పాత బాకీలు కొట్టేశాడు. నేను పదకొండేళ్లుగా అలాంటి ప్రభువు కోసమే ఎదురు చూస్తున్నాను. మా ఆవిడ ఎదురు చూడటం మానేసింది. గొడవంతా అక్కడే మొదలైంది.

అయితే లోకం పొదుపును మెచ్చుకుంటుంది కాబట్టి మనం పొదుపరులుగా కనబడక తప్పదు. అందుకే సంవత్సరాల పరిశోధన మీద ఒక విధానం తయారు చేశాను. పొదుపు చేయాలి, ఆ సంగతి అప్పుకు తెలియకూడదు. ఇంకో మాటలో చెప్పాలంటే, ఏనుగులు పోయే దారి వదిలేసి చీమల కన్నాలు పూడ్చాలి. అదీ నలుగురూ చూస్తుండగా పూడ్చాలి.

ఉదాహరణకు టూత్‌పేస్టు. ట్యూబు అయిపోయాక కింది నుంచి చాపలా చుట్టి, ఆపైన కత్తెరతో నిలువునా కోసి, లోపల అంటుకున్నది బ్రష్‌తో గీకి ఇంకో మూడు రోజులు నడిపిస్తాను. ఆ మూడు రోజులూ ఇంట్లో నా నడకే వేరుగా ఉంటుంది. మనిషి లేని గదిలో లైటు కనిపిస్తే పిల్లలకు పావుగంట ఉపన్యాసం ఇస్తాను. ఆ ఉపన్యాసం కూడా లైటు కిందే ఇస్తాననుకోండి, అది వేరే విషయం. ఒక వస్తువు ఎక్కడ చవకో తెలుసుకోవడానికి ఫోన్‌లో రెండు గంటలు వెతికి, చివరికి ఆ వస్తువుతో పాటు డిస్కౌంటులో ఉన్న ఇంకో నాలుగు కొంటాను. అవసరం లేని వస్తువు సగం ధరకు దొరికితే మిగతా సగం మిగిలినట్టే కదా. ఈ లెక్కన నేను ఇప్పటిదాకా మిగిల్చిన సొమ్ముతో మా అప్పులన్నీ రెండుసార్లు తీర్చొచ్చు. ఆ సొమ్ము ఎక్కడుందని మాత్రం అడగకూడదు.

మా ఆవిడ అడిగింది.

“ఏమండీ, ఈ నెల కరెంటు బిల్లు తగ్గిందన్నారుగా, ఆ తగ్గిన డబ్బు ఏదీ?”

“ఖాతాలోనే ఉంటుంది.”

“ఖాతాలో ఏమీ లేదు.”

నా విధానానికి ఆయువుపట్టు ఇదే. మిగిలిన డబ్బుకు పేరు పెట్టకూడదు. ఖర్చులకు వాడే ఖాతాలోనే, ఖర్చు డబ్బుతో కలిపి వదిలేయాలి. పేరు లేని డబ్బు ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోతుంది. నెలాఖరుకు అది ఏ దారిన పోయిందో దానికీ తెలియదు, మనకూ తెలియదు, అప్పుకైతే అస్సలు తెలియదు. మా ఆవిడ పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. బిల్లు తగ్గిన రోజే, ఆ తేడా ఎంత చిన్నదైనా, అప్పులో అసలు కింద జమ చేసేస్తుంది. మర్నాటిదాకా కూడా ఆగదు. ఇంత తొందరపాటు మనిషిని నేను చూడలేదు.

ఇక బడ్జెట్. బడ్జెట్ వేయడంలో నన్ను మించినవాడు లేడు. ప్రతినెలా ఒకటో తారీఖున రంగు పెన్నులతో, గీతలు గీసి మరీ వేస్తాను. రెండో తారీఖు నుంచి దాని మొహం చూడను. మన పూర్వానుభవం ఏమిటో తెలిస్తే ఉత్సాహం చల్లారిపోతుంది కనుక ఖర్చయ్యాక రాసుకునే అలవాటు కూడా పెట్టుకోలేదు. నా బడ్జెట్‌లో అన్నిటికన్నా బలిసిన పద్దు పేరు ‘ఇతరములు’. ఫీజులు, మందులు, ప్రయాణాలు అన్నీ బక్కచిక్కి ఓ పక్కన నిలబడితే, ‘ఇతరములు’ మాత్రం పట్టెమంచం మీద పడుకుని ఉంటుంది. ఒకసారి మా ఆవిడ దాన్ని విప్పి చూసింది. లోపల మూడు నెలలుగా ఎవరూ తెరవని యాప్‌ల చందాలు, లేటు ఫీజులు, పెళ్లిళ్లలో చదివింపులు, నేను పేరు పైకి చెప్పదలచుకోని కొన్ని వస్తువులు బయటపడ్డాయి. చందాలు అరగంటలో రద్దయ్యాయి. నా గౌరవం దెబ్బతినడానికి అంతకంటే తక్కువ సమయమే పట్టింది.

‘అనుకోని ఖర్చులు’ అని ఇంకో పద్దు కూడా ఉండేది. బీమా ప్రీమియం, స్కూలు ఫీజు, బండి సర్వీసు. ఇవి ప్రతి ఏడూ అదే నెలలో, అదే తారీఖున వస్తాయి. ప్రతి ఏడూ నేను అదే ఆశ్చర్యంతో వాటికి ఎదురెళ్లి, చేతిలో డబ్బు లేక క్రెడిట్ కార్డు గీకుతాను. ఇంత స్వచ్ఛమైన ఆశ్చర్యాన్ని మా ఆవిడ చంపేసింది. ఏడాది మొత్తాన్ని 12తో భాగించి, నెల నెలా వేరే ఖాతాలో వేస్తోంది. ఈసారి ప్రీమియం తారీఖు వచ్చి వెళ్లినట్టు కూడా నాకు తెలియలేదు. జీవితంలో థ్రిల్ పోయింది.

కార్డు గురించి చెప్పాలి. అమెరికాలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆట టికెట్లను వేలం వేస్తే, కార్డుతో కట్టాలన్నవాళ్లు నగదు ఇవ్వాలన్నవాళ్లకు దాదాపు రెట్టింపు దాకా పాడారట. నోటు ఇస్తుంటే చెయ్యి వెనక్కి లాగుతుంది, కార్డు గీకుతుంటే లాగదు. ఇది తెలిసి మా ఆవిడ రోజువారీ ఖర్చుకు వారానికింత అని నగదు కవర్లో పెట్టి ఇవ్వడం మొదలెట్టింది. కవరు ఖాళీ అయితే ఆ వారం అయిపోయినట్టే. మంగళవారం మధ్యాహ్నానికే నా వారం అయిపోయిన రోజులున్నాయి.

కార్డు బిల్లు మీద ‘మినిమమ్ డ్యూ’, అంటే ఈ నెలకు కనీసం ఇంత కడితే చాలు అని చిన్నగా ఒక అంకె వేస్తారు చూడండి, ఆ అంకెను కనిపెట్టిన మహానుభావుడికి దండం పెట్టాలి. వడ్డీ నెలకు నూటికి మూడు అనుకోండి. మిగిలున్న బాకీలో నూటికి అయిదు చొప్పున ఆ మినిమమ్ మాత్రమే కడుతూ పోతే, కార్డు మళ్లీ ఒక్కసారి కూడా గీకకపోయినా, అప్పు సగానికి రావడానికి దాదాపు 32 నెలలు పడుతుంది. పదో వంతుకు రావడానికి తొమ్మిదేళ్లకు దగ్గరపడుతుంది. అప్పుతో అనుబంధం తెగకుండా, ఎగవేతదారు అన్న చెడ్డపేరూ రాకుండా ఇంతకాలం కాపురం చేయించే ఏర్పాటు ఇంకోటి లేదు.

పొదుపు ఖాతా విషయంలోనూ నేను నిక్కచ్చి మనిషిని. కష్టకాలానికి అని కొంత దాచాను, దాన్ని ముట్టుకోను. 1494లో ఇటలీలో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ ఒక చిట్కా చెప్పాడు. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే, సొమ్ము ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నా పొదుపుకు వచ్చే వడ్డీ ఏడాదికి 4 శాతం, అంటే 18 ఏళ్లు. కార్డు బాకీకి 36 శాతం, అంటే రెండేళ్లు. ఒకే ఇంట్లో తాబేలునూ చిరుతనూ పెంచుతూ, తాబేలుకు రోజూ నమస్కారం పెట్టుకుంటున్నానన్నమాట. మా ఆవిడ కనికరం లేకుండా ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంచి, మిగతా తాబేలును చిరుత మీదికి తోలింది. ఆ ఒక్క నెలది మాత్రం ఎందుకు వదిలావు, అదీ కట్టేయకపోయావా అంటే, “రేపు మోటారు కాలిపోతే మళ్లీ అప్పే కదండీ” అంది. ఈ ఒక్క మాటకు నా దగ్గర వ్యంగ్యం లేదు.

అప్పులు ఏ వరసలో తీర్చాలన్నది పెద్ద సిద్ధాంత చర్చ. ఎక్కువ వడ్డీది ముందు తీరిస్తే డబ్బు మిగులుతుందని ఒక పక్షం. లెక్కప్రకారం వాళ్లదే రైటు. చిన్న అప్పు ముందు తీరిస్తే ధైర్యమొచ్చి మిగతావీ తీరుస్తారని రెండో పక్షం. గాల్, మెక్‌షేన్ అనే ఇద్దరు 2012లో అప్పులు తీర్చుకునే వాళ్ల లెక్కలు చూసి, ఖాతాలు ఒక్కొక్కటిగా మూసేసుకుంటూ పోయినవాళ్లే చివరిదాకా నిలబడే అవకాశం ఎక్కువని తేల్చారు. ఎటూ తేలేదాకా ఎవరికీ ఎక్కువ కట్టకూడదన్నది నా పక్షం. ఆరేళ్లు నిష్పక్షపాతంగా ఇదే పాటించాను. మా ఆవిడకు సిద్ధాంతం మీద గౌరవం లేదు. ముందు బంధువు దగ్గరి చేబదులు తీర్చి పారేసింది. ఆయన ఎదురైతే నేను రోడ్డు దాటి అవతలికి పోయేవాణ్ని. ఆ వ్యాయామం కాస్తా పోయింది. తర్వాత కార్డు మీద పడింది.

ఇంటి అప్పు సంగతి ఇప్పుడిప్పుడే ఎత్తుతోంది. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే మొదటి వాయిదాలో నూటికి 83 వంతులు వడ్డీకే పోతాయి, అసలుకు చేరేది 17. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కడితే అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుందట. తీరిపోతే ఆ మూడేళ్లూ ఒకటో తారీఖున నేను దేని గురించి టెన్షన్ పడాలో ఎవరూ చెప్పరు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తీసుకుందామని మధ్యేమార్గం చెప్పి చూశాను. వడ్డీ తగ్గుతుందా, పాత కార్డు విరిచేస్తారా అని రెండే ప్రశ్నలు వేసింది. చర్చ అక్కడితో ముగిసింది.

మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలు ఎన్నయినా చెబుతారు. ఆ మంచమే వాయిదాల మీద కొన్నవాడు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పరు. నేనైతే పట్టుబట్టి చాపాను. ఇప్పుడు బీరువా తలుపు లోపల అంటించిన ఆ కాగితం మీద ఆరింట్లో మూడు పేర్లకు అడ్డగీతలు పడ్డాయి. నాలుగో పేరు పక్కన, వచ్చే నెల గడిలో, పెన్సిల్‌తో ఒక అంకె కొత్తగా కనిపించింది. ఎక్కడిదీ డబ్బు అని అడిగాను.

“మీరు ఏదో వ్యాసం రాస్తున్నారుగా,” అంది. “దానికొచ్చేది.”

ఇందులో సగమైనా ‘ఇతరములు’ కింద రాయమని బతిమాలుతున్నాను. పెన్సిల్ తీసి పక్కన పెట్టింది. పెన్ను కోసం వెతుకుతోంది.