కొత్త ఫోర్క్ కొనే ముందు పాతది విప్పి చూడండి

"అన్నా, 150 ఫోర్క్ తీసేసి 170 వేయిస్తే రాళ్ల మీద మెత్తగా పోతుందా?" ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్న మన వాళ్లలో ఎక్కువ మంది కొన్ని నెలలు తిరిగేసరికి అడిగే మాట ఇదే. పోదు. ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే ఎవరూ వినడం లేదు. వెళ్లి వెయ్యి డాలర్లు పోసి వస్తున్నారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు కాళ్ల షాక్. 150, 170 అంటే అది ఎన్ని మిల్లీమీటర్ల పొడవున నొక్కుకుంటుందో చెప్పే అంకె. చదివి నా మీద కోపం వచ్చినా పర్వాలేదు, మీ డబ్బు మిగిలితే చాలు.

నేనుండేది అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రం, బెంటన్‌విల్. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి తెలుగువాళ్లకు కొదవ లేదు. ఊళ్లోనే స్లాటర్ పెన్, కోలర్ దారులున్నాయి. కాస్త ఉత్తరానికి వెళ్తే బెల్లా విస్టాలో బ్యాక్ 40, లిటిల్ షుగర్. ఓజార్క్ కొండలు పెద్ద ఎత్తేమీ కాదు, ఒక్కో దిగుడు కొన్ని వందల అడుగులకు మించదు. కానీ నేలంతా సున్నపురాయి, దాని మధ్య పదునుగా పగిలే చెకుముకి జాతి రాళ్లు. ఆకులు రాలే కాలంలో కింద ఏ రాయి ఉందో, అది ఎటు దొర్లుతుందో తెలియదు. అలాంటి చోట ముందు చక్రాన్ని నేలకు అంటిపెట్టుకుని ఉంచేది మోటారూ కాదు, బ్యాటరీ కాదు.

అయినా కొనేటప్పుడు అందరూ అడిగేది ఆ రెండింటి గురించే. మోటారు ఎన్ని న్యూటన్ మీటర్లు, 85 ఆ, 100 ఆ? బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు, 625 ఆ, 750 ఆ, 800 ఆ? ఫోర్క్ దగ్గరకు వచ్చేసరికి "160 మిల్లీమీటర్లు" అన్న అంకె చూసి ముందుకు వెళ్లిపోతారు. ఈ సంగతి కంపెనీలకు తెలుసు. మోటారు, బ్యాటరీ మీద పెట్టిన డబ్బు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా, ఫోర్క్‌లో మిగుల్చుకుంటాయి. మామూలు మౌంటెన్ బైక్ 14, 15 కిలోలుంటే పెద్ద మోటారున్న ఈ బైక్ 23, 25 కిలోలుంటుంది. బరువు పెరిగిన బండికి బలహీనమైన ఫోర్క్ తగిలించి అమ్మడం నాకు ఏ కోశానా నచ్చదు. కొనేవాళ్లు అడగకపోతే కంపెనీలు మారవు.

అసలు ఫోర్క్ లోపల జరిగేది చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఎడమ కాలులో గాలి స్ప్రింగ్ ఉంటుంది. రాయి తగిలినప్పుడు అది నొక్కుకుని, మళ్లీ పైకి తంతుంది. ఆ తన్నుడును అదుపు చేసేది కుడి కాలులోని డ్యాంపర్. నూనెను సన్నని రంధ్రాల గుండా, పలుచని ఉక్కు బిళ్లల సందుల్లోంచి తోసి, దెబ్బలోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. సూది లేని సిరంజిని మెల్లగా నొక్కితే నీళ్లు సాఫీగా వస్తాయి, గట్టిగా నొక్కితే బొటనవేలు నొప్పి పుడుతుంది. చవక డ్యాంపర్లలో జరిగేది అదే. మెల్లగా వెళ్లినంతసేపు బాగానే ఉంటుంది. వేగంగా వెళ్తూ వరుసగా రాళ్లు తగిలితే నూనెకు దారి చాలక ఫోర్క్ బిగుసుకుపోతుంది, ఆ దెబ్బంతా మణికట్టుకు వస్తుంది. అంటే మీ దగ్గర లేనిది పొడవు కాదు, నూనెకు సరైన దారి. అదే డ్యాంపర్‌తో 170 మిల్లీమీటర్ల ఫోర్క్ తెచ్చుకుంటే అంత పొడవునా అదే ఇబ్బంది పడతారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధి చివర ఉండే తమ్ముడొకడు రైడ్ నుంచి వచ్చిన ప్రతిసారీ రెండు చేతులూ పిసుక్కునేవాడు. బ్రేక్ నొక్కడానికి వేళ్లు మడత పడటం లేదని, తన ఒంట్లో సత్తువ లేదని బాధపడి జిమ్‌లో చేరాడు. షాపులో చూపిస్తే ఫోర్క్ మార్చమన్నారట, విప్పి చూసినవాళ్లు లేరు. ఆదివారం నా గ్యారేజీకి తెమ్మన్నాను. ముందు గాలి తీసేసి, కింది రెండు బోల్టులు కొద్దిగా వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, ఆ తర్వాత బోల్టులు పూర్తిగా తీసి, కింది కాళ్లను, అంటే ఫోర్క్ బయటి గొట్టాలను, లాగాం. కింద పెట్టిన పళ్లెంలోకి రెండు కాళ్ల నుంచీ కలిపి పది పదిహేను మిల్లీలీటర్ల నూనెయినా రావాలి. నాలుగు చుక్కలు జారాయి, అవీ సిమెంటు నీళ్ల రంగులో. సీళ్ల కింద ఉండే స్పాంజి రింగులు వేలితో నొక్కితే పొడిగా ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, నూనెలో నానబెట్టి, కొత్త సీళ్లు వేసి, కొత్త నూనె పోసి మూసేశాం. ఖర్చంతా కలిపి ఒక పూట హోటల్ భోజనమంత. మర్నాటి నుంచి వాడు చేతుల గురించి మాట్లాడలేదు. వాడి ఒంట్లో సత్తువకు లోటేమీ లేదు, వాడి ఫోర్క్‌లో నూనె లేదు. ఒక మనిషి తన శరీరాన్ని నిందించుకుంటూ నెలలు గడపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రాక్‌షాక్స్ ఫోర్కులకు 50 గంటలకోసారి కింది కాళ్ల సర్వీసు, 200 గంటలకోసారి పూర్తి సర్వీసు చేయాలని కంపెనీయే చెబుతుంది. ఫాక్స్ 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటుంది. ఇవి నడిచిన గంటలు. మోటారున్న బైక్ మీద 50 గంటలు ఎంత త్వరగా వస్తాయో ఆలోచించండి. కాళ్లతో తొక్కేవాళ్లు ఒక ఎక్కుడు ఎక్కి, దిగి, అలసి ఇంటికి పోతారు. మీరు అదే సమయంలో రెండు మూడు సార్లు దిగుతున్నారు, పైగా పది కిలోల అదనపు బరువుతో. ఫోర్క్ అరిగేది దిగుడులోనే.

సర్వీసు అయ్యాక గాలి సంగతి చూడాలి. షాక్ పంపు ఖరీదు ముప్పై నలభై డాలర్లు, ఈ బైక్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు. ఫోర్క్ కాలి మీద అతికించిన పట్టిక మనిషి బరువును బట్టి గాలి ఎంతో చెబుతుంది. అది మొదలుపెట్టడానికి మాత్రమే. బరువైన బైక్‌కు సాధారణంగా ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. గాలి కొట్టాక ఫోర్క్‌ను పదిసార్లు మెల్లగా నొక్కండి, లోపలి రెండు గదుల్లో పీడనం సర్దుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ చూసుకోండి. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు పంపు గొట్టంలోని గాలిది, ఫోర్క్‌లోది కాదు. దానికి భయపడి ఇంకో పది పౌండ్లు కొట్టేవాళ్లను చూశాను. హెల్మెట్, నీళ్ల సంచి అన్నీ తగిలించుకుని, పెడల్స్ మీద నిలబడి, కాలి మీది రబ్బరు రింగును కిందికి తోసి, మెల్లగా దిగండి. 160 మిల్లీమీటర్ల ఫోర్క్‌లో రింగు 25 నుంచి 32 మిల్లీమీటర్లు కదిలితే సరిపోయినట్టు. నొక్కుకున్న ఫోర్క్ ఎంత వేగంగా పైకి లేవాలో సర్దే రీబౌండ్ మీట కుడి కాలు అడుగున ఉంటుంది. గాలి పెంచితే దాన్ని కూడా కొంచెం నెమ్మది చేయాలి, లేకపోతే చక్రం రాయి మీద నుంచి ఎగిరి పడుతుంది. మరీ నెమ్మది చేస్తే రెండో రాయి వచ్చేలోపు ఫోర్క్ పైకి లేవదు, మూడో రాయికి అడుగంటుతుంది. ఫోర్క్ కదలకుండా బిగించే లాకౌట్ మీట తెరిచే ఉందో లేదో కూడా చూసుకోండి. అది మూసి ఉంచి "ఫోర్క్ గట్టిగా ఉంది" అని రాసినవాళ్లున్నారు.

ఇప్పుడు ఆ 170 సంగతి. ఫోర్క్ 20 మిల్లీమీటర్లు పెరిగితే హ్యాండిల్ కోణం సుమారు ఒక డిగ్రీ పడుకుంటుంది. సీటు కూడా అంతే వెనక్కి వాలుతుంది, పెడల్స్ ఎత్తు పెరుగుతుంది. మోటారు సాయంతో మనం ఎక్కేవే నిటారు దారులు. సీటు వెనక్కి వాలితే బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలిపోతుంది, కొండ మలుపులో బైక్ చెప్పిన మాట వినదు. పైగా ఫ్రేము కంపెనీ ఒక గరిష్ఠ పొడవు చెబుతుంది. దాన్ని దాటితే ఫ్రేము మెడ మీద భారం పెరుగుతుంది, వారంటీ పోవచ్చు. కొన్ని వందల అడుగుల దిగుడున్న ఓజార్క్ కొండల్లో ఇంత నష్టపోయి సాధించేది ఏమీ లేదు.

నిజంగా కొత్తది కావాలనుకుంటే ముందు పరికించాల్సింది డ్యాంపర్. మీది రాక్‌షాక్స్ యారి అయితే ఫోర్క్ మార్చనక్కర్లేదు. దాని ఒళ్లు అదే కంపెనీ ఖరీదైన ఫోర్క్ పాత లిరిక్ ఒళ్లే, లోపలి డ్యాంపర్ తీసి దానికి సరిపోయే చార్జర్ అనే డ్యాంపర్ వేయించుకుంటే చాలు. పూర్తిగా మార్చాల్సి వస్తే 38 మిల్లీమీటర్ల లావు కాళ్లున్న రాక్‌షాక్స్ జెబ్, ఫాక్స్ 38 అంటూ అందరూ ఎగబడతారు. ఆ రెండూ 2020లో వచ్చాయి, నిటారు దిగుళ్లలో బరువైన బైక్ మీద గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కాళ్లు వంగకుండా నిలబడతాయి. కాళ్లు వంగితే అవి జారడానికి లోపల ఉండే బుషింగులు పట్టేసి ఫోర్క్ కదలడం మానేస్తుంది కాబట్టి ఆ గట్టిదనానికి విలువ ఉంది. అయితే 65, 70 కిలోల మనిషికి, మా ఊరి దారులకు అది అవసరానికి మించిన గట్టిదనం. లిరిక్ కానీ ఫాక్స్ 36 కానీ 150 లేదా 160లో తీసుకోండి. మనిషి బరువు 90 దాటితే నేనే 38 తీసుకోమంటాను.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మామూలు బైక్‌కు కాయిల్ స్ప్రింగ్ ఫోర్క్ వద్దనడానికి ఉన్న పెద్ద కారణం బరువు. 25 కిలోల బండికి మరో మూడు నాలుగు వందల గ్రాములు ఒక లెక్కా? మార్జోకీ బాంబర్ జెడ్1 కాయిల్ రకంలో వస్తుంది. గాలి కొట్టే పనే లేదు, చిన్న రాళ్లకు కూడా హాయిగా కదులుతుంది. మీ బరువుకు తగిన స్ప్రింగ్ ఎంచుకుంటే చాలు. ఓపిక లేనివాళ్లకు ఇంతకంటే మంచి ఫోర్క్ నాకు తెలియదు.

వీటన్నిటికంటే ముందు బ్రేకులు, టైర్లు. చవక రోటర్ (బ్రేకు పట్టే డిస్కు) మధ్యలో సన్న అక్షరాలతో "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉంటుంది, వెళ్లి చూడండి. అంటే దాని మీద మెటల్ ప్యాడ్లు వేయకూడదు, పొడవాటి దిగుడులో వేడెక్కితే పట్టు తగ్గుతుంది. 203 మిల్లీమీటర్ల మంచి రోటర్, ప్యాడ్లను నొక్కే నాలుగు పిస్టన్ల క్యాలిపర్, మెటల్ ప్యాడ్లు వేయించుకోండి. 220 వేయాలంటే ఫోర్క్ అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. టైరు పక్కగోడ పలుచగా ఉంటే చెకుముకి రాయి చీల్చేస్తుంది, దానికి భయపడి గాలి ఎక్కువ కొడతారు, అప్పుడు టైరు బండలా మారి మళ్లీ ఫోర్క్‌ను తిడతారు. మాక్సిస్‌లో డబుల్‌డౌన్ వంటి దళసరి రకం వేసి, ట్యూబ్ తీసేసి ట్యూబ్‌లెస్ చేయించి, గాలి తగ్గించండి. ఆ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి అడిగేవాళ్లకు విడిగా చెప్పాలి. అక్కడ ఎలక్ట్రిక్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) పేరుతో దొరికే సైకిళ్లలో ఎక్కువ వాటికి వెనక చక్రంలో 250 వాట్ల మోటారు, ముందు 80 లేదా 100 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఫోర్క్ ఉంటాయి. దాని మెడ గొట్టం పైనుంచి కింది వరకూ ఒకే లావు. ఈ పైన చెప్పిన ఫోర్కులన్నిటికీ అడుగున లావెక్కే గొట్టం, 15 మిల్లీమీటర్ల ఇరుసు ఉంటాయి. మీ ఫ్రేములో పట్టవు, మీ చక్రానికి సరిపోవు. దిగుమతి సుంకం కట్టి తెప్పించుకున్నాక ఈ సంగతి తెలిస్తే ఏడుపొస్తుంది. ఆ సైకిల్‌కు మంచి టైర్లు, మంచి డిస్క్ బ్రేకులు వేసి అనంతగిరి మట్టిదారుల్లో హాయిగా తిరగండి. రాళ్ల దిగుళ్లకు మాత్రం దింపకండి, ఆ ఫ్రేము అందుకోసం చేసింది కాదు.

ఇకపై నన్ను ఫోర్క్ గురించి అడిగేవాళ్లు నాలుగు సంగతులు రాసి అడగండి. సామాను కలిపి మీ బరువెంత, ఫోర్క్ పేరేమిటి, ఇప్పుడు అందులో గాలి ఎంత ఉంది, చివరిసారి ఎప్పుడు విప్పారు. బెంటన్‌విల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే బైక్‌తో సహా రండి. సీళ్లు, నూనె మీరు తెచ్చుకోండి, పనిముట్లు నా దగ్గరున్నాయి.